పాచికలతో పిల్లలకు లెక్కలు: ఏ ఆట ఎప్పుడు, ఎలా ఆడించాలి

రెండు పాచికలు వేయించి, కూడించి, నాలుగు రోజులకు పక్కన పడేసే ఇళ్ళే ఎక్కువ. ఐదేళ్ళ పిల్లకు ఆ కూడిక కష్టం, తొమ్మిదేళ్ళ పిల్లవాడికి విసుగు. లోపం ఆటలో లేదు. పిల్లలు లెక్కలో ఏ మెట్టు మీద ఉన్నారో చూడకుండా ఆట పెట్టడంలో ఉంది.

ఆ మెట్టు జవాబులో కనబడదు, జవాబు రాబట్టిన తీరులో కనబడుతుంది. 5, 4 పడ్డాయనుకోండి. ముగ్గురు పిల్లలూ "తొమ్మిది" అనే చెబుతారు. ఒకరు తొమ్మిది చుక్కల్నీ వేలితో తాకుతూ ఒకటి నుంచి లెక్కపెడతారు. ఇంకొకరు "ఐదు" అనేసి, అక్కడినుంచి "ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది" అంటారు. మూడోవారు "ఐదూ ఐదూ పది, ఒకటి తక్కువ" అంటారు. ముగ్గురిదీ ఒకే జవాబు, ముగ్గురికీ కావలసిన ఆటలు వేరు. కాబట్టి మొదటి రోజు ఏమీ నేర్పకండి. పది సార్లు పాచికలు వేయించి, వేళ్ళూ పెదవులూ ఎలా కదులుతున్నాయో చూడండి. ఒకటి రెండు సార్లు "ఎలా లెక్కగట్టావు నాన్నా?" అని అడగండి. ఒప్పు చెప్పినప్పుడు కూడా అడగాలి. తప్పు చెప్పినప్పుడే అడిగితే ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పాచికలు నాలుగు, రెండు రంగుల్లో. లూడో డబ్బాలో వచ్చే చిన్నవి పిల్లల వేళ్ళకు అందవు, చుక్కలు కూడా సరిగా కనబడవు. ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గని పాచికలు తీసుకోండి. కొన్నాక ఒకసారి తిప్పి చూడండి: ఎదురెదురు ముఖాలు కలిపితే 7 రావాలి (1కి ఎదురు 6, 2కి 5, 3కి 4). చవక పాచికల్లో కొన్నిసార్లు ఇది తప్పుతుంది, అప్పుడు కింద చెప్పిన ఒక ఆట పనిచేయదు. ఇంట్లో మూడేళ్ళ లోపు బిడ్డ ఉంటే ఆట అయిన వెంటనే పాచికలు, గింజలు ఎత్తి పెట్టేయాలి. నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడతాయి.

అంచున్న స్టీలు పళ్ళెంలో మడిచిన తువ్వాలు పరిచి అందులో వేయించండి. చప్పుడు ఉండదు, పాచిక మంచం కిందికి పోదు. పళ్ళెం దాటి పడితే ఆ పందెం చెల్లదు, మళ్ళీ వేయాలి. ఈ ఒక్క నియమం పెట్టకపోతే సగం సమయం వెతుకులాటకే పోతుంది.

ఇంకో పాచిక మీరే చేసుకోవాలి. మామూలు పాచికలో 6 మించి లేదు. దానితో ఎంత ఆడినా 7, 8, 9 ఎక్కాలు ఒక్కసారి కూడా తగలవు, పిల్లలు తడబడేది అక్కడే. ఒక పాచిక ఆరు ముఖాలకూ తెల్ల కాగితం అంటించి 4, 5, 6, 7, 8, 9 రాయండి. 6 కింద, 9 కింద చిన్న గీత గీయండి. లేకపోతే ఏది ఆరో ఏది తొమ్మిదో అన్న తగువు తెగదు. ఇలాంటివి రెండు చేసుకుంటే మంచిది.

వీటికి తోడు వేలెడు పొడవున విరిచిన చీపురు పుల్లలు ఓ అరవై, రబ్బరు బ్యాండ్లు, పది చింతపిక్కలు, ఒక పలక, గళ్ళ నోటుబుక్కు. చింతపిక్కల్ని ఒక పక్క గరుకు రాయి మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయండి, అష్టాచెమ్మకు చేసినట్టే.

పాచికలు చూడగానే "ఇదేం జూదం" అనే పెద్దవాళ్ళు కొన్ని ఇళ్ళలో ఉంటారు. వాళ్ళ మాట కొట్టిపారేయక్కర్లేదు. డబ్బు, చాక్లెట్టు, ఫోను సమయం ఏదీ పందెంగా పెట్టకండి. పెట్టారంటే పిల్లల దృష్టి లెక్క మీదనుంచి గెలుపు మీదికి పోతుంది, చుక్కలు తప్పు చదవడం కూడా మొదలవుతుంది.

ఒకటి నుంచి లెక్కపెట్టే పిల్లలకు

నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళు చాలామంది ఇక్కడే ఉంటారు. వీళ్ళకు ముందు కావలసింది కూడిక కాదు, చుక్కల్ని చూడగానే సంఖ్య గుర్తుపట్టడం. ఒక్క పాచిక వేసి, రెండు సెకన్లు చూపించి, అరచేత్తో మూసేయండి. ఎన్ని చుక్కలో చెప్పాలి. 1, 2, 3 వెంటనే వస్తాయి. 5ని 6 అనడం మామూలు. అప్పుడు నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి అని పలక మీద గీసి చూపండి. మూసింది తీసి మళ్ళీ లెక్కపెట్టనిస్తే గుర్తుపట్టడం అలవడదు. అందుకని తప్పు చెప్పినా ఇంకోసారి రెండు సెకన్లు మాత్రమే చూపండి.

ఇది పట్టుబడ్డాక రెండో పాచిక తీసుకోండి.

1. రెండు రంగుల పాచికలు వేయాలి.
2. పెద్దది ఏదో పిల్లలే చూపాలి. దాన్ని చదివి, చేత్తో మూసేయాలి.
3. మూసిన చేతిని తట్టి ఆ సంఖ్య చెప్పి, రెండో పాచిక చుక్కల్ని ఆ పైనుంచి లెక్కించాలి.

చేత్తో మూయడమే ఇందులో కిటుకు. చుక్కలు కనబడుతున్నంతసేపూ పిల్లలు వాటిని మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతూనే ఉంటారు. కనబడకపోతే గుర్తున్న సంఖ్యనుంచి మొదలుపెట్టక తప్పదు. ఇక్కడ ఎక్కువగా వచ్చే తప్పు ఒకటి తక్కువ రావడం: 5 మూసి, రెండో పాచికలో 4 ఉంటే, మొదటి చుక్కను తాకుతూ మళ్ళీ "ఐదు" అంటారు, ఎనిమిది దగ్గర ఆగుతారు. "ఐదు చేతి కింద ఉంది కదా, ఈ చుక్క దాని తర్వాతది" అని చెప్పి, ఆ చుక్కను వేరే వేలితో తాకించండి.

వైకుంఠపాళిలోనూ ఇదే తప్పు. కాయ ఉన్న గడినే "ఒకటి" అని లెక్కపెడతారు. అక్కడ మందు వేరు: "ఒకటి, రెండు, మూడు" అని కాక, కాయ వెళ్ళే గడుల సంఖ్యల్నే పలికించండి. 14లో ఉండి 3 పడితే "పదిహేను, పదహారు, పదిహేడు". మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది దాకా వరుసగా గడులున్న బోర్డు మీద ఆడించింది కూడా ఈ పద్ధతిలోనే, గడిలోని అంకెల్ని పలుకుతూ. పిల్లలు కొంచెం పెద్దయ్యాక కాయ కదపకముందే ఎక్కడ ఆగుతుందో చెప్పమనండి: 37లో ఉంది, 6 పడింది, "నలభై మూడు". చెప్పింది సరైతేనే నిచ్చెన పని చేస్తుంది. అయితే మామూలు పాముపటంలో వరుసలు ఒకసారి ఎడమనుంచి, మరోసారి కుడినుంచి సాగుతాయి. పదులు కూడటం నేర్పడానికి అది పనికిరాదు. దానికి ప్రతి వరుసా ఎడమనుంచే మొదలయ్యే 1–100 పట్టీ ఒకటి చార్టు మీద గీసుకోండి.

పదికి ఎంత తక్కువ

కూడికలో వేగం రావాలంటే పదిని విడగొట్టడం నోటికి రావాలి. ఇక్కడ పాచికకంటే చింతపిక్కలు మేలు. పదీ గుప్పిట్లో ఆడించి వేయండి. తెల్లగా పడ్డవి లెక్కపెట్టాలి, నల్లవి లెక్కపెట్టకుండా చెప్పాలి. తెల్లవి 6 అయితే నల్లవి 4. తర్వాత నల్లవి ఎత్తి లెక్కపెట్టి సరిచూసుకోవాలి. పది వంతుల్లో 5–5, 6–4, 7–3 చాలాసార్లు వస్తాయి, 9–1 అరుదు, 10–0 రావడమే గొప్ప. అరుదైన జంటల్ని మధ్యమధ్య నోటితో అడగండి.

పాచికతో ఇదే పని 7కి చేయవచ్చు. వేసి, పైముఖం చూసి, కిందముఖం ఎంతో చెప్పాలి. పైన 2 ఉంటే కింద 5. పిల్లలకు ముందు రహస్యం చెప్పకండి. నాలుగైదుసార్లు మీరే ఇంద్రజాలంలా చెప్పి, ఎలా తెలిసిందో వాళ్ళనే కనుక్కోమనండి. కనుక్కున్నాక ఒకదాని మీద ఒకటి మూడు పాచికలు నిలబెట్టి, పైకీ కిందికీ తిరిగి ఉన్న ఆరు ముఖాల్లో, కనబడే పైది తప్ప మిగతా ఐదింటి మొత్తం అడగండి. మొత్తం ఎప్పుడూ 21లోంచి పైముఖం తీసేస్తే వచ్చేదే. పైన 4 ఉంటే 17.

తెలుగు మాధ్యమంలో చదవని పిల్లలున్న ఇళ్ళలో, విదేశాల్లో పెరిగే వాళ్ళతో సహా, ఒక రోజు అంకెలు ఇంగ్లీషులో, ఒక రోజు తెలుగులో పలికించండి. "పదమూడు, పద్నాలుగు, పదిహేను" అంటుంటే పదీ, దాని మీద కొసరూ చెవికి వినబడతాయి. పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గర తికమకపడితే పడనివ్వండి.

పెట్టెలు మూసే ఆట

కూడిక వచ్చిన పిల్లలకు ఇంతకంటే మంచి ఆట లేదు. ఒక మొత్తాన్ని ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో ఇది తనంతట తానే నేర్పుతుంది.

1. పలక మీద 1 నుంచి 9 వరకు వరుసగా రాయండి.
2. రెండు పాచికలు వేసి మొత్తం కట్టాలి.
3. ఇంకా కొట్టేయని అంకెల్లో, కలిపితే ఆ మొత్తం వచ్చే ఏవైనా కొట్టేయాలి. ఒకే అంకైనా, రెండైనా, మూడైనా సరే.
4. మళ్ళీ వేయాలి. 7, 8, 9 మూడూ పోయాక ఒక్క పాచికతో ఆడవచ్చు.
5. కొట్టడానికి ఏదీ కుదరని పందెం పడితే వంతు అయిపోయినట్టు. మిగిలిన అంకెల మొత్తం వారి ఖాతాలో పడుతుంది. తక్కువ వచ్చినవారిది గెలుపు.

9 పడిందనుకోండి. 9ని కొట్టవచ్చు. లేదా 8+1, 7+2, 6+3, 5+4, 6+2+1, 5+3+1, 4+3+2. మొత్తం ఎనిమిది దారులు. పిల్లలు మొదట్లో చిన్న అంకెలన్నీ ఒకేసారి కొట్టేయడానికి ఉత్సాహపడతారు, మూడు పోయాయి కదా అని. తర్వాత 7, 8, 9 మిగిలిపోయి 24 ఖాతాలో పడుతుంది. రెండు ఆటలు ఓడాక పెద్ద అంకెలు ముందు పోవాలని వాళ్ళకే తెలుస్తుంది. మీరు ముందే చెబితే ఆట చచ్చిపోతుంది. మీరు చేయవలసిందల్లా, కొట్టేముందు "ఇంకో దారి ఉందా?" అని ఒక్కసారి అడగడం.

వేగంగా ముగియాలంటే మొదట్లో 1–6తో, ఒకే పాచికతో ఆడండి.

తీసివేతకు పుల్లల కట్టలు

పాఠశాలలో "అప్పు తీసుకోవడం" అనే మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. 42లోంచి 7 తీయమంటే 45 అంటారు. 2లోంచి 7 పోదు కాబట్టి తిప్పి 7లోంచి 2 తీస్తారు. దీన్ని పలక మీద ఎంత దిద్దినా నిలవదు. చేత్తో కట్ట విప్పితే నిలుస్తుంది.

ప్రతి ఒక్కరికీ పదేసి పుల్లల కట్టలు మూడు ఇవ్వండి. రెండు పాచికలు వేసి, ఆ మొత్తం పుల్లల్ని పళ్ళెంలోకి తిరిగి ఇచ్చేయాలి. విడి పుల్లలు చాలకపోతే ఒక కట్ట రబ్బరు బ్యాండు తీసి విప్పాలి. విప్పకుండా ఇవ్వడం కుదరదు. ముందుగా చేతులు ఖాళీ అయినవారిది గెలుపు. చివర్లో ఉన్నవాటికంటే ఎక్కువ పడితే, వంతు పోతుంది. ప్రతి వంతు తర్వాతా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టకుండా చెప్పి, పలక మీద లెక్కలా రాయాలి: 30 − 8 = 22. పుల్లలు లేకుండా రాయడానికి తొందరపడకండి. రెండు మూడు వారాలు పుల్లలతోనే పోనివ్వండి.

వందకు దగ్గర

స్థాన విలువకు ఇది మంచి ఆట. ఒక్క పాచిక, అందరికీ ఒకే పందేలు. ఏడుసార్లు వేయాలి. పడ్డ ప్రతి అంకెనూ అప్పటికప్పుడే పదుల కిందో ఒకట్ల కిందో రాసుకోవాలి, తర్వాత మార్చకూడదు. 5 పడితే 50 అయినా కావచ్చు, 5 అయినా కావచ్చు. ఏడూ వాడాక మొత్తం 100 దాటకుండా ఎవరు దగ్గరుంటే వాళ్ళది గెలుపు.

3, 5, 2, 6, 1, 4, 4 పడ్డాయనుకోండి. 3ని, 5ని పదులు చేస్తే 80, మిగతావి కలిపితే 17, మొత్తం 97. అదే 6ని కూడా పదులు చేస్తే దాటిపోతుంది. పెద్దవాళ్ళకు ఒక కొండగుర్తు: పదులుగా పెట్టిన అంకెల మొత్తం 8 దగ్గర ఉంటే చాలాసార్లు వందకు దగ్గరగా చేరతారు. ఇది పిల్లలకు చెప్పకండి, వాళ్ళు కనుక్కుంటే మెచ్చుకోండి.

ఇక్కడ జరిగే తప్పు రాతలో. 50ని, 4ని ఎడమవైపు సమానంగా రాసి 90 అనేస్తారు. పలక మీద ముందే నిలువు గీత గీసి, పైన "పదులు", "ఒకట్లు" అని రాసిపెడితే ఈ తప్పు చాలావరకు పోతుంది.

ఎక్కాలు, గళ్ళ నోటుబుక్కు

నోటుబుక్కులో 15 గళ్ళ పొడవు, 15 గళ్ళ వెడల్పు ఉన్న చదరం గీయండి. ఇద్దరికీ చెరో రంగు పెన్సిలు. రెండు మామూలు పాచికలు వేసి, 3, 5 పడితే 3 గళ్ళు అడ్డం, 5 గళ్ళు నిలువు దీర్ఘచతురస్రం గీసి, మధ్యలో 15 అని రాయాలి. చోటు లేని పందెం పడితే వంతు పోతుంది. వరసగా ఇద్దరి వంతూ పోతే ఆట ఆపి, ఎవరి గళ్ళు వాళ్ళు కూడుకోవాలి. ఎక్కం వల్లెవేసే పిల్లలకు కూడా 3×5, 5×3 ఒకటే ఎందుకో ఇక్కడ కంటికి కనబడుతుంది. పడుకోబెట్టినా నిలబెట్టినా గళ్ళు మారవు.

కొత్త ఎక్కాలు నేర్పడానికి ఇది మంచిది, వచ్చిన ఎక్కాలు గట్టిపడటానికి కాదు. ఎందుకంటే రెండు మామూలు పాచికల్ని హెచ్చవేస్తే వచ్చే లబ్ధాలు 18 మాత్రమే, అందులో 6, 12 మాటిమాటికీ వస్తాయి. గట్టిపరచడానికి మీరు చేసుకున్న 4–9 పాచికలు రెండూ తీయండి. వాటితో వచ్చే వేర్వేరు జంటలు 21. వీటిని చీటీలుగా రాసి, వెంటనే చెప్పగలిగినవి ఒక డబ్బాలో, ఆలోచించినవి ఇంకో డబ్బాలో వేస్తూ పోండి. రెండో డబ్బాలో సాధారణంగా 6×7, 7×8, 6×8 లాంటి నాలుగైదే మిగులుతాయి. ఇక పని ఆ నాలుగైదింటి మీదే. 7×8 రాకపోతే "ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఇంకో ఏడు" అని దారి చూపండి.

శేషం కొల్లగొట్టడం

భాగహారానికి, నాలుగు, ఐదు తరగతుల వాళ్ళకు. మూడు పాచికలు వేసి, రెండింటితో రెండంకెల సంఖ్య చేసి, మూడోదానితో భాగించాలి. వచ్చిన శేషమే ఆ వంతు పాయింట్లు. ముందుగా 20 చేరినవారిది గెలుపు. ఏది ఎక్కడ పెట్టాలో ఆడేవారి ఇష్టం, అందుకే ఒక వంతులోనే నాలుగైదు భాగహారాలు మనసులో చేసేస్తారు. 4, 5, 6 పడితే 54ని 6తో భాగిస్తే శేషం సున్న. 46ని 5తో భాగిస్తే 1. 45ని 6తో భాగిస్తే 3. 64ని 5తో భాగిస్తే 4, ఇదే అన్నిటికంటే ఎక్కువ. 1తో భాగిస్తే ఎప్పుడూ సున్నే. ఈ సంగతి మొదటి ఆటలోనే పిల్లల నోట వినబడుతుంది.

ఆగాలా, వేయాలా

ఇది అన్ని వయసులవారికీ. వంతు వచ్చినవారు ఒక పాచికను ఎన్నిసార్లైనా వేసి కూడుకుంటూ పోవచ్చు. ఆగితే ఆ మొత్తం ఖాతాలో చేరుతుంది. 1 పడితే ఆ వంతులో పోగుచేసిందంతా పోతుంది. చిన్నపిల్లలకు 50, పెద్దపిల్లలకు 100 గమ్యం.

ఎక్కడ ఆగాలన్నది పదేళ్ళు దాటినవాళ్ళతో లెక్కగట్టించదగ్గ ప్రశ్న. వంతులో 20 పోగయ్యాయనుకోండి. మళ్ళీ వేస్తే ఆరింట ఒకసారి 20 పోతుంది. మిగతా ఐదు సార్లలో వచ్చేవి 2, 3, 4, 5, 6, కలిపితే 20. అంటే పోయేదీ వచ్చేదీ సరిసమానం. అంతకు తక్కువున్నప్పుడు వేయడం లాభం, ఎక్కువున్నప్పుడు ఆగడం లాభం. ఈ లెక్క తెలిసీ 26 దగ్గర "ఇంకొక్కసారి" అనే పెద్దవాళ్ళు ఉంటారు.

ఆటలో పెద్దల పని

రోజూ పది పదిహేను నిమిషాలు చాలు. పిల్లలు ఇంకా ఆడదామంటుండగానే ఆపండి, విసుగు వచ్చాక కాదు.

జవాబు అందించకండి. మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టి అప్పుడు నోరు తెరవండి. తప్పు పట్టే పని ఎదుటి ఆటగాడిది, మీది కాదు. మీరు ఆడుతున్నప్పుడు అప్పుడప్పుడు కావాలని తప్పు చెప్పండి, పట్టుకుంటే ఒక పాయింటు వాళ్ళకు. పిల్లలు మీ లెక్కను కూడా కడతారు, సాధన రెట్టింపు అవుతుంది. గడియారం పెట్టి తొందరపెట్టడం మాత్రం వద్దు. తొందరలో పిల్లలు పాత పద్ధతికే, వేళ్ళ దగ్గరికే వెనక్కి పోతారు.

అక్కా తమ్ముడూ వయసు తేడాతో ఆడితే అక్కే ఎప్పుడూ గెలుస్తుంది, తమ్ముడు ఆట వదిలేస్తాడు. ఇద్దరికీ దూరం ఒకటే పెట్టి లెక్క వేరు చేయండి: తమ్ముడు 0 నుంచి 100 దాకా కూడుకుంటూ వెళ్ళాలి, అక్క 100 నుంచి 0 దాకా తీసుకుంటూ రావాలి. పాచికలు ఇద్దరికీ అవే, అదృష్టం ఒకటే, అక్క మీద పని ఎక్కువ.

బస్సులోనో, పెళ్ళింట్లోనో పాచికలు అందుబాటులో లేకపోతే నోటు మీద ముద్రించిన వరుస సంఖ్య చాలు. చివరి రెండు అంకెలు ఒకదానితో ఒకటి హెచ్చవేయమనండి. సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ తగులుతాయి కాబట్టి 7, 8, 9 ఎక్కాలకు మామూలు పాచికకంటే ఇదే నయం. పుస్తకం తెరిచి ఆడే క్రికెట్ కూడా పనికొస్తుంది, కానీ ఎడమ పేజీ ఒక్కటే చూస్తే సరిసంఖ్యలే వస్తాయి. కుడి పేజీని కూడా వంతులవారీగా చూడమనండి.